చుక్క కారేదాకా ఆగొద్దు: పాత పికప్ డీజిల్ పైపుల వెనక రబ్బరు సైన్సు

డిసెంబరు నెల. తెల్లవారుజామున నాలుగున్నర. బిలాస్‌పుర్‌లో చలి పది డిగ్రీల దగ్గర ఉంది. బుధవారీ బజారుకు కూరగాయలు చేర్చాల్సిన ఒక పాత డీజిల్ పికప్‌ను ఊహించుకుందాం. 2012 మోడల్. తాళం తిప్పితే స్టార్టర్ గిరగిరా తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. డ్రైవరు దిగి బండి కిందికి టార్చి కొట్టి చూశాడు. నేల పొడిగానే ఉంది. బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టర్ మీదున్న చేతి పంపును పదిహేనుసార్లు నొక్కాడు. ఈసారి ఇంజన్ రెండుసార్లు దగ్గి లేచింది. మర్నాడూ ఇదే తంతు. నాలుగో రోజు మెకానిక్ దగ్గరికి వెళ్తే, ఆయన పైపు వంపు దగ్గర గోటితో నొక్కి చూసి, "ఇది మార్చేయాలి" అన్నాడు.

డ్రైవరుకు సహజంగానే అనుమానం వచ్చింది. "చుక్క కూడా కారట్లేదు కదా మేస్త్రీ, పైపెందుకు మార్చడం?"

ఊహించుకున్న సన్నివేశమే అయినా, పాత డీజిల్ బండి నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. ప్రశ్న కూడా న్యాయమైనదే. కారని పైపు పాడైనట్టు ఎలా? దీనికి జవాబు వెతుకుతూ వెళ్తే వాతావరణ పీడనం, తలతన్యత, పాలిమర్ రసాయనం, పెట్రోలు బంకులో మనకు తెలియకుండానే మారిపోయిన ఇంధనం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివరికి ఆ జవాబు బిలాస్‌పుర్ లాంటి రైల్వే ఊరికి ఎప్పుడో తెలిసిన ఒక పాత నియమం దగ్గర ఆగుతుంది.

లోపలికి కారే పైపు

కొబ్బరి బొండంలో పెట్టిన స్ట్రాకు మధ్యలో చిన్న చీలిక ఉంటే ఏమవుతుంది? నీళ్లు ఆ చీలికలోంచి బయటికి కారవు. గాలి లోపలికి వస్తుంది. ఎంత పీల్చినా నోట్లోకి బుడగలే వస్తాయి.

చాలా పాత డీజిల్ బళ్లలో ట్యాంకు నుంచి ఇంజన్ దాకా వచ్చే పైపు సరిగ్గా ఆ స్ట్రా లాంటిదే. ట్యాంకు కింద, ఛాసిస్ పక్కన ఉంటుంది. దాంట్లోంచి డీజిల్‌ను పైకి లాగే పంపు ఇంజన్ దగ్గర ఉంటుంది. రెండిటి మధ్య ఎత్తు తేడా అర మీటరు అనుకుంటే, అంత డీజిల్ స్తంభాన్ని పైకెత్తడానికే పైపు లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కంటే సుమారు నాలుగు శాతం తగ్గాలి. ఫిల్టర్‌లో మురికి చేరితే పంపు ఇంకా గట్టిగా లాగాలి, పీడనం ఇంకా తగ్గుతుంది. ఈ భాగంలో పైపుకు సన్నని పగులు వస్తే డీజిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి దూరుతుంది. రాత్రి ఇంజన్ ఆగాక అదే పగులులోంచి గాలి చేరి, పైపులో నిలవాల్సిన డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. అందుకే పొద్దున మొండికేసే బండి, ఒకసారి లేచాక రోజంతా బాగానే తిరుగుతుంది.

అంత చిన్న గాలి బుడగ ఇంజన్‌ను ఎలా ఆపగలదు? ద్రవాలు దాదాపు నలగవు, వాయువులు సులువుగా నలుగుతాయి. పాత తరహా ఇంజెక్టర్ తెరుచుకోవాలంటే సుమారు 150 నుంచి 250 బార్ల పీడనం కావాలి, అంటే వాతావరణ పీడనానికి అన్ని రెట్లు. పంపులో డీజిల్ మాత్రమే ఉంటే పిస్టన్ కొద్దిగా కదలగానే ఆ పీడనం వచ్చేస్తుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే పిస్టన్ కదలికంతా బుడగను నలిపేందుకే ఖర్చయిపోతుంది. ఇంజెక్టర్ తెరుచుకోదు. 'ఎయిర్ పట్టింది' అని మెకానిక్‌లు అనేది దీన్నే.

కాబట్టి ఒకే బండిలో ఇంధన పైపులు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పీల్చే పైపులో పగులు వస్తే గాలి లోపలికి పోతుంది. మిగిలిన డీజిల్‌ను తిరిగి ట్యాంకుకు పంపే రిటర్న్ పైపులో పగులు వస్తే చుక్కలు బయటికి కారతాయి. పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఉక్కు పైపులో పగులు వస్తే కంటికి ఆనని సన్నని తుంపరగా చిమ్ముతుంది. జబ్బు ఒకటే, లక్షణాలు మూడు. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం.

పీల్చే పైపును పరీక్షించడానికి మెకానిక్‌లు ఒక సులువైన పద్ధతి వాడతారు. ఫిల్టర్‌కు ముందు కాసేపు ఒక పారదర్శకమైన పైపు ముక్క తగిలించి ఇంజన్ నడిపిస్తారు. డీజిల్‌తో పాటు బుడగలు పరుగెడుతూ కనిపిస్తే, ట్యాంకుకూ ఆ ముక్కకూ మధ్య ఎక్కడో గాలి దూరుతున్నట్టు లెక్క.

తడి ఉన్నచోటే తూటు ఉండదు

బయటికి కారే పైపుతో మరో చిక్కు ఉంది. తడి ఒకచోట కనిపిస్తుంది, పగులు మరోచోట ఉంటుంది. కారణం తలతన్యత. నీటి తలతన్యతతో పోలిస్తే డీజిల్‌ది మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. తామరాకు మీద నీటిబొట్టులా అది గుండ్రంగా ముడుచుకోదు, లోహం మీద పల్చగా పరుచుకుంటుంది. పైపు వెంబడి జారుతుంది, క్లిప్పుల సందుల్లోకి పాకుతుంది. దానికి బిలాస్‌పుర్ రోడ్ల మీది దుమ్ము, బొగ్గు నుసి తోడైతే మొత్తం నల్లటి జిగట పేస్టులా తయారవుతుంది. ఆ పేస్టు ఒత్తిలా పనిచేసి డీజిల్‌ను ఇంకాస్త దూరం లాక్కెళ్తుంది.

అందుకే మొదటి సూత్రం, తడిగా కనిపించేచోట కాకుండా తడి మొదలైనచోట వెతకాలి. తడి ఉన్న భాగాల్లో అన్నిటికంటే ఎత్తులో, బండి నడిచే దిశలో అన్నిటికంటే ముందున్న భాగాన్ని చూడాలి. రెండో సూత్రం, పైపులన్నిటినీ శుభ్రంగా తుడిచి, ఆరాక పైన సుద్దపొడో టాల్కమ్ పౌడరో పల్చగా చల్లాలి. కాసేపు ఇంజన్ నడిపి ఆపి చూస్తే, పొడి తొలుత ఎక్కడ ముదురు రంగుకు తిరిగిందో అక్కడే పగులు ఉన్నట్టు. పెద్ద వర్క్‌షాపుల్లో ఇంధనంలో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూస్తారు. సూత్రం అదే, పరికరం ఖరీదైనది.

'ఒక్కో చుక్కే కదా' అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. తలతన్యత తక్కువ కాబట్టి డీజిల్ చుక్క నీటి చుక్క కంటే చిన్నది. మిల్లీలీటరుకు నలభై చుక్కలనుకుందాం. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు, అంటే రెండు లీటర్లు దాటుతుంది. రోజుకు పది గంటలే బండి నడిచి, నడిచినంతసేపే కారినా నెలకు 27 లీటర్లు. మీటరు కొత్త పైపు ధర అందులో చిన్న వంతు కూడా ఉండదు.

రబ్బరు ఎందుకు ఓడిపోతుంది

ఒక చిన్న ప్రయోగం. మామూలు రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకుని, ఒకదాన్ని కొద్దిగా కిరోసిన్‌లో నానబెట్టి, దీపానికి, పొయ్యికి దూరంగా రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి రెండోదాని పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. నానింది ఉబ్బి, పొడుగై, లాగితే ఇట్టే తెగిపోతుంది.

రబ్బరు అంటే పొడవాటి అణువుల గొలుసుల చిక్కు. అక్కడక్కడా గంధకం వేసిన ముడులు ఆ గొలుసులను పట్టి ఉంచుతాయి. సహజ రబ్బరు గొలుసులు కార్బన్, హైడ్రోజన్‌లతో తయారైనవి. కిరోసిన్, డీజిల్, పెట్రోలు కూడా అంతే. ఒకే జాతి అణువులు ఒకదానితో ఒకటి సులువుగా కలిసిపోతాయి. డీజిల్ అణువులు గొలుసుల మధ్య దూరి వాటిని ఎడంగా నెడతాయి. ముడులు ఉన్నాయి కాబట్టి రబ్బరు కరిగిపోదు గానీ, ఉబ్బి బలం కోల్పోతుంది. కారుతున్న డీజిల్ పైపుకు సైకిల్ ట్యూబు ముక్క చుడితే నాలుగు రోజులకే జిగురు ముద్దయిపోవడానికి కారణం ఇదే.

ఈ సమస్యకు 1930లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఒక దారి కనుక్కున్నారు. బ్యుటాడయీన్‌తో పాటు ఎక్రిలోనైట్రైల్‌ను కలిపి గొలుసులు అల్లారు. ఎక్రిలోనైట్రైల్‌లోని కార్బన్-నైట్రోజన్ జంటలు విద్యుత్ పరంగా ఒకవైపు మొగ్గి ఉంటాయి, అంటే ధ్రువత్వం ఉన్నవి. ధ్రువత్వం లేని డీజిల్‌కు వాటితో పొసగదు. అలా పుట్టిందే నైట్రైల్ రబ్బరు. మామూలు ఇంధన పైపుల లోపలి పొర, పంపుల్లోని సీళ్లు చాలావరకు దీనితోనే తయారవుతాయి.

అయితే ఏ రబ్బరూ అన్ని పరీక్షల్లోనూ నెగ్గదు. నైట్రైల్ రబ్బరులో ఎక్రిలోనైట్రైల్ పెంచితే ఇంధనాన్ని బాగా తట్టుకుంటుంది, చలికి మాత్రం బిగుసుకుపోతుంది. గొలుసులోని బ్యుటాడయీన్ భాగంలో జంట బంధాలు మిగిలి ఉంటాయి. గాలిలోని ఓజోన్ వాటిని వెతికి మరీ తెంచుతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపినప్పుడు నేల దగ్గర ఓజోన్ తయారవుతుంది. లాగి పట్టినచోట రబ్బరును అది మరింత తొందరగా పగలగొడుతుంది. అందుకే పైపు మీద తొలి పగుళ్లు ఎప్పుడూ వంపు బయటి అంచు మీద, సాగిన దిశకు అడ్డంగా వస్తాయి. మన మెకానిక్ గోటితో నొక్కి చూసింది ఆ వంపునే. మంచి ఇంధన పైపుకు ఓజోన్‌ను తట్టుకునే వేరే రబ్బరుతో పైపొర వేసేది ఇందుకే.

లోపల ఇంకో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పైపు మెత్తగా వంగడం కోసం తయారీలో ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ల తరబడి పారే డీజిల్ దాన్ని కొద్దికొద్దిగా కడిగేస్తుంది. వేడి, ఆక్సిజన్ కలిసి గొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తాయి. పైపు చెక్కలా గట్టిపడుతుంది. రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన, ఛాసిస్ కింద చల్లగా ఉండే పైపు ముక్క కంటే ఇంజన్ పక్కన ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉన్న ముక్క నాలుగు రెట్లు తొందరగా ముసలిదవుతుంది. బిలాస్‌పుర్ వేసవిలో బయటి గాలే 45 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు.

మరి సమస్య చలికాలం పొద్దున్నే ఎందుకు బయటపడుతుంది? వేడికి రబ్బరు ఉక్కు కంటే పది రెట్లకు మించి వ్యాకోచిస్తుంది, చలికి అంతే ఎక్కువగా కుంచించుకుపోతుంది. క్లాంపు కింద ఏళ్లుగా నలిగి గట్టిపడ్డ రబ్బరుకు తిరిగి ఉబికి సందు పూడ్చే శక్తి ఉండదు. చలికి కాస్త ముడుచుకోగానే లోహపు గొట్టానికీ దానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఆ ఖాళీ మూసుకుపోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బండికి ఏ జబ్బూ లేనట్టే కనిపిస్తుంది.

చలికి బిగుసుకున్న రబ్బరు ఎంత నష్టం చేయగలదో 1986 జనవరి 28న ప్రపంచమంతా చూసింది. గడ్డకట్టే చలిలో బయల్దేరిన ఛాలెంజర్ అంతరిక్ష నౌక 73 సెకన్లలో కూలిపోయి ఏడుగురు వ్యోమగాములు మరణించారు. రాకెట్ బూస్టర్ అతుకులోని రబ్బరు ఓ-రింగు సమయానికి ఉబికి సందు మూయలేకపోవడమే కారణం. దర్యాప్తు సంఘ సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను చిన్న క్లాంపుతో నొక్కి, గ్లాసెడు ఐసు నీళ్లలో ముంచి, తీశాక అది వెంటనే పూర్వ రూపానికి రాకపోవడాన్ని అందరి ముందూ చూపించాడు. ఆ ఓ-రింగు ఫ్లోరో రబ్బరుతో చేసినది. ఇంధనాన్ని, వేడిని తట్టుకోవడంలో నైట్రైల్ కంటే ఎంతో మెరుగైన పదార్థమది. చలి మాత్రం దాని బలహీనత.

బండి అదే, ఇంధనం మారింది

పైపు ముసలిదవుతుండగా అందులో పారే డీజిల్ కూడా మారిపోయింది. మన 2012 పికప్ తయారైన నాటికి కొన్ని పెద్ద నగరాలు మినహా దేశంలో అమ్మే డీజిల్‌లో గంధకం పరిమితి పది లక్షల భాగాలకు 350 భాగాలు. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4 ఇంధనం దేశమంతటా వచ్చాక అది 50కి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6తో 10కి తగ్గింది. మన ఊపిరితిత్తులకు ఇది కచ్చితంగా మేలే. పాత సీళ్లకు మాత్రం ఇదొక పరీక్ష.

ఎందుకంటే, శుద్ధి కర్మాగారంలో గంధకాన్ని తీసేందుకు డీజిల్‌ను హైడ్రోజన్‌తో చర్య జరిపిస్తారు. ఆ క్రమంలో ఆరోమాటిక్స్ అనే వలయాకార అణువులు కొన్ని తగ్గుతాయి. నైట్రైల్ రబ్బరులోకి బాగా దూరి దాన్ని కాస్త ఉబ్బించేవి అవే. ఏళ్ల తరబడి ఆ ఉబ్బుతోనే సందు పూడ్చుకుంటూ వచ్చిన పాత సీలు, ఆరోమాటిక్స్ తక్కువున్న ఇంధనం తగలగానే పిండేసిన స్పాంజిలా కుంచించుకుపోతుంది. 1993 అక్టోబరులో అమెరికా రహదారి డీజిల్‌లో గంధకాన్ని 500 భాగాలకు పరిమితం చేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అంతవరకూ బాగున్న ఇంధన పంపులు కొన్ని వారాల్లోనే కారడం మొదలెట్టాయి. ఎక్కువగా దెబ్బతిన్నవి ముసలి నైట్రైల్ సీళ్లే. కొత్తవి తట్టుకున్నాయి.

పెట్రోలుతో నడిచే చిన్న ట్రక్కుల్లో కథ తిరగబడుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. నైట్రైల్ రబ్బరు పెట్రోలును తట్టుకునేది ధ్రువత్వం వల్ల అనుకున్నాం కదా. ఇథనాల్‌కూ ధ్రువత్వం ఉంది. ఒక గుమ్మం పెట్రోలుకు మూసేస్తే, ఇథనాల్‌కు ఇంకో గుమ్మం తెరిచి ఉన్నట్టయింది. రెండూ కలిసిన మిశ్రమం రబ్బరును మరింత ఉబ్బిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి తయారయ్యే బళ్లలో ఈ20ని తట్టుకునే పదార్థాలు వాడాలన్నది అందుకే. అంతకుముందు బళ్లకు పైపు మార్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బయోడీజిల్‌లోని ఎస్టర్ అణువులది కూడా ఇలాంటి స్వభావమే. ఛత్తీస్‌గఢ్‌కు ఇది పరిచయమైన విషయం. రెండు దశాబ్దాల కిందట ఈ రాష్ట్రం బయోడీజిల్ కోసం అడవి ఆముదం మొక్కలను పెద్ద ఎత్తున నాటించింది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. బంకులో ఇంధనం రంగు, వాసన అలాగే ఉన్నా, పైపుకు అది కొత్త అతిథే.

సబ్బు ముక్క, ఎపాక్సీ ముద్ద

దారిలో ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు ముక్క రుద్దడం మన డ్రైవర్లకు తరతరాల విద్య. ఇందులో చక్కటి రసాయనం ఉంది. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. అయాన్లు ఉన్నందువల్ల డీజిల్, పెట్రోలు దాన్ని కరిగించలేవు. మెత్తగా ఉండటం వల్ల సన్నని సందులో ఒదిగిపోతుంది. మెకానిక్ దాకా చేర్చడానికి ఇది చాలు. కానీ సబ్బు నీటిలో కరుగుతుంది. మొదటి వాన పడగానే ఆ మరమ్మతు కొట్టుకుపోతుంది.

ఎపాక్సీ ముద్ద ఆరిన లోహం మీద గట్టిగానే పడుతుంది. తడిగా ఉన్నచోట, జిడ్డు మీద పట్టదు. రబ్బరు పైపు మీద వేస్తే అసలు నిలవదు. పైపు వంగుతుంది, ఎపాక్సీ వంగదు, కదిలిన ప్రతిసారీ అతుకు ఊడుతుంది. నీళ్ల కోసం అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు మరో వల. అది మెత్తగా ఉండేది కూడా ప్లాస్టిసైజర్ వల్లే. డీజిల్ దాన్ని లాగేశాక గాజుగొట్టంలా పెళుసవుతుంది. పరీక్ష కోసం పది నిమిషాలు పెట్టొచ్చు, బండికి శాశ్వతంగా వదిలేయకూడదు.

నిలిచే మరమ్మతు

సరైన మరమ్మతు సరైన పైపుతో మొదలవుతుంది. ఇంధనానికి వాడే రబ్బరు పైపు మీద ప్రమాణం, తయారీ తేదీ ముద్రించి ఉంటాయి. ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న ఎస్ఏఈ జే30 ప్రమాణంలో ఆర్7 రకం తక్కువ పీడనం ఉండే పైపులకు సరిపోతుంది. ఆర్9 రకానికి లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది, ఎక్కువ పీడనాన్ని, ఇథనాల్ కలిసిన ఇంధనాన్ని బాగా తట్టుకుంటుంది. ముద్ర లేని నల్ల పైపు ఏ రబ్బరుతో చేసిందో చూపుతో చెప్పడం ఎవరి తరమూ కాదు.

క్లాంపు బిగింపులో చాలామంది చేసే పొరపాటు అతి బిగింపు. పళ్లున్న మామూలు క్లాంపు చిన్న పైపును గాట్లు పెట్టి కోసేస్తుంది. అంచులు మడిచిన నునుపు పట్టీ క్లాంపు మేలు. లోహపు గొట్టం చివర ఉబ్బెత్తు అంచు ఉంటుంది. క్లాంపు దాని వెనక పడాలి, దాని మీద కాదు. ఇంజన్ ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. కాబట్టి రెండిటి మధ్య పైపుకు కాస్త వదులు ఉండాలి, వంపు నలగకూడదు, సైలెన్సర్ గొట్టానికి దూరంగా వెళ్లాలి.

ఛాసిస్ వెంబడి వెళ్లే ఉక్కు గొట్టం సాధారణంగా క్లిప్పుల కింద తుప్పు పడుతుంది. అక్కడ చేరిన బురద వాన వెలిశాక కూడా రోజుల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి ఆ పనిని ఇంకా వేగంగా చేస్తుంది. తుప్పు పట్టిన గొట్టాన్ని కత్తిరించి మధ్యలో రబ్బరు ముక్క అతికించడం కంటే గొట్టం మొత్తం మార్చడమే క్షేమం. బదులుగా రాగి గొట్టం వేయొద్దు. అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది. పైగా అది డీజిల్ ఆక్సీకరణాన్ని వేగవంతం చేసి జిగురు పుట్టిస్తుంది.

ఫిల్టర్, పంపుల దగ్గర బోల్టుల కింద ఉండే చిన్న రాగి వాషర్లను మాత్రం మెచ్చుకోవాలి. మెత్తని రాగి నలిగి సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లను పూడుస్తుంది. ఒకసారి నలిగాక స్ఫటికాల్లో లోపాలు పెరిగి గట్టిపడుతుంది, రెండోసారి అంతగా నలగదు. పాత మెకానిక్‌లు దాన్ని ఎర్రగా కాల్చి నీటిలో వేస్తారు. ఉక్కు అయితే అలా గట్టిపడేది, రాగి మెత్తబడుతుంది. కొత్త వాషర్ దొరికేచోట అది వేయడమే మంచిది.

ఇంజెక్టర్లకు వెళ్లే ఉక్కు పైపులకు వెల్డింగ్, అతుకులు పనికిరావు. ఒకే బండిలో అవన్నీ సాధారణంగా ఒకే పొడవుతో వస్తాయి, డీజిల్ అన్ని సిలిండర్లకూ సమయానికి చేరాలి కాబట్టి. పగిలితే అదే కొలత పైపు తెచ్చి వేయాలి. పనంతా అయ్యాక గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు నొక్కి, తుడిచి, ఇంజన్ నడిపి చూడాలి. మర్నాడు ఉదయం చలిలో మరోసారి చూడాలి. అసలు పరీక్ష అదే.

నిప్పు, చేతులు

'డీజిలే కదా, పెట్రోలు కాదుగా' అనే ధీమా మనలో చాలామందికి ఉంది. మంట చూపితే అంటుకునేంత ఆవిరి ఏ ఉష్ణోగ్రతలో పుడుతుందో దాన్ని జ్వలన స్థానం అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దాదాపు నలభై డిగ్రీలు దిగువన ఉంటుంది. డీజిల్‌కు 35 డిగ్రీలకు తగ్గకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 చెబుతుంది. మే నెల మధ్యాహ్నం బిలాస్‌పుర్ గాలి ఆ 35ను ఎప్పుడో దాటేస్తుంది. పైగా తుంపరగా చిమ్మిన డీజిల్ మామూలు వేడిలోనూ సులువుగా మండుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లాంటి బాగా కాలిన లోహం మీద పడితే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు.

కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. బీడీ, వెల్డింగ్ చుట్టుపక్కల ఉండకూడదు. పొడి లేదా నురుగు రకం అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా ఉంచుకోవాలి. నీళ్లు చల్లితే మండే డీజిల్ తేలుతూ పాకుతుంది. ఖాళీ ట్యాంకుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగ్ చేయించొద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల లీకును చేత్తో తడిమి వెతకడం అన్నిటికంటే పెద్ద తప్పు. వందల బార్ల పీడనంతో వచ్చే ధార చర్మాన్ని సూదిలా దాటి డీజిల్‌ను కండలోకి ఎక్కిస్తుంది. బయటికి చిన్న చుక్కంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. కానీ గంటల్లో కణజాలం చచ్చిపోతుంది, వేలు పోవచ్చు, చెయ్యి పోవచ్చు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆస్పత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి దూరిందని వైద్యులకు స్పష్టంగా చెప్పాలి. వెతకడానికి పొడవాటి అట్టముక్క వాడాలి. కామన్ రైల్ ఇంజన్లలో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. వాటి పైపుల నట్టు ఇంజన్ నడుస్తుండగా వదులు చేయడమే నిషిద్ధం.

రైల్వే ఊరికి తెలిసిన నియమం

ఇప్పుడు డ్రైవరు ప్రశ్న దగ్గరికి తిరిగి వద్దాం. చుక్క కారకపోతే పైపెందుకు మార్చాలి?

బిలాస్‌పుర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఇది రైలు చుట్టూ పెరిగిన ఊరు. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడి కాలనీల్లో తరతరాలుగా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒకరైనా వర్క్‌షాపులోనో యార్డులోనో పనిచేసి ఉంటారు. వాళ్లకు 'మస్ట్ చేంజ్' అన్న మాట కొత్త కాదు.

రెండు పెట్టెల మధ్య వేలాడే బ్రేకు గొట్టాలను చూసే ఉంటారు. చదరపు సెంటీమీటరుకు ఐదు కిలోల పీడనంతో గాలి వాటిలో ఉంటుంది. ఆ గాలి కారిపోతే బ్రేకులు పడి రైలు ఆగిపోతుంది. నిర్ణీత కాలానికి పెట్టెలు ఓవర్‌హాల్‌కు వచ్చినప్పుడు, బ్రేకు వ్యవస్థలోని రబ్బరు విడిభాగాల్లో చాలావాటిని 'తప్పక మార్చాల్సినవి' జాబితాలో పెడతారు. చూడటానికి బాగున్నాయా లేదా అన్న చర్చ ఉండదు. కాలం తీరితే మార్చడమే. ఎందుకంటే ఇనుము అరుగుదల కంటికి కనిపిస్తుంది, కొలవొచ్చు. రబ్బరు ముసలితనం లోపల, అణువుల స్థాయిలో జరుగుతుంది. పైకి కనిపించేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది.

మన వంటింట్లోనూ ఇదే నియమం ఉంది. గ్యాస్ పొయ్యికి వాడే సురక్షా పైపును ఐదేళ్లకొకసారి మార్చాలని గ్యాస్ కంపెనీలు చెబుతాయి. వాసన వచ్చేదాకా ఆగమని ఎవరూ చెప్పరు.

పాత పికప్‌కు మాత్రం ఆ జాబితా రాసేవాళ్లెవరూ లేరు. ఫిట్‌నెస్ పత్రం దగ్గర అద్దాలు, లైట్లు, బ్రేకుల మీద ఉండే శ్రద్ధ, బానెట్ కిందున్న రెండు మూర రబ్బరు పైపు మీద ఎవరికీ ఉండదు. ఆ జాబితాను యజమానే రాసుకోవాలి. పైపు వేసిన తేదీని ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీ పక్కనే రాసి పెట్టుకోవాలి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ వంపులను నొక్కి చూడాలి. గట్టిపడినా, జిగురెక్కినా, సన్నని గీతలు కనిపించినా కారేదాకా ఆగకూడదు. ఒక పైపు ముసలిదైతే దాంతోపాటే బిగించిన మిగతావీ అదే వయసువని గుర్తుంచుకోవాలి.

మెకానిక్ ఆ పొద్దున చెప్పిన మాటకు వివరణ ఇంతే. పైపు ఆ రోజు పాడవలేదు, ఏళ్ల కిందటే మొదలుపెట్టింది. చలి దాన్ని బయటపెట్టిందంతే. అలా కాకుండా మే నెల వేడిలో, కూరగాయల బుట్టలతో నిండిన బండి దారి మధ్యలో ఉన్నప్పుడు, కాలిన మానిఫోల్డ్ పక్కన ఆ సంగతి బయటపడి ఉంటే, దాని మూల్యం ఒక పొద్దుటి బేరంతో పోయేది కాదు.